చప్పుడు చేయని ఇంజను

మొన్న ఇక్కడ కువైట్‌లో, సబ్హాన్ పారిశ్రామికవాడలోని మా పాత వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఇద్దరు ఫిట్టర్లు నన్ను చూడటానికి రూముకి వచ్చారు. ఇద్దరూ కడప వైపు పిల్లలే. "అన్నా, పుట్టినకాడ్నుంచీ బాయిలర్ల దగ్గరే ఉండావంట గదా, మాకేమన్నా చెప్పు" అని కూర్చున్నారు. నేను మొదలుపెట్టేలోపే ఒకడికి ఫోనొచ్చింది, రెండోవాడు తన ఫోను తీశాడు. ఎదుటివాడు ఫోను చూస్తుంటే నా నోరు మూతపడిపోతుంది. కోపిష్టివాణ్ణి, ఏం చేయను. టీ తాగించి పంపించేశాను. వాళ్ళు వెళ్ళాక బాధేసింది. పాపం, అడగటానికైతే వచ్చారు కదా. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ఏ కంపెనీలో ఎంత జీతం, ఎప్పుడు ఫోర్‌మన్‌ని చేశారు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఎలా రెన్యూ అయింది, ఇవేవీ రాయను. అవి అందరికీ ఉండేవే. లాండ్రీ బాయిలర్లు, ఆసుపత్రి బాయిలర్లు, వంటశాలల బాయిలర్లు లెక్కలేనన్ని విప్పాను, బిగించాను. వాటిలో చాలావాటి మొహాలు కూడా గుర్తులేవు. గుర్తున్నదల్లా, అసలు సైజులో ఎనిమిదో వంతుగా మేము కట్టిన ఒక అమెరికా పాసింజరు ఇంజను. రైలే లేని ఈ కువైట్‌లో రైలింజను ఏమిటని నవ్వకండి. మేమూ మొదట నవ్వినవాళ్ళమే.

చెంగల్రాయుడు మేస్త్రి

అంతకంటే ముందు మా మేస్త్రి గురించి చెప్పాలి. మాది నందలూరు. మా చిన్నతనంలో ఊరికి లోకో షెడ్డే గడియారం. షెడ్డు కూత వినబడితే ఇళ్ళల్లో అన్నాలు దించేవాళ్ళు. నేను షెడ్డులో పనికి చేరినప్పుడు నన్ను చెంగల్రాయుడు మేస్త్రి చేతిలో పెట్టారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం షెడ్డు అవతలికి వినపడేది.

ఒకరోజు చక్రాలని కలిపి తిప్పే రాడ్డు పిన్ను చేతికి అందడం లేదని ఇంజనుని రెండడుగులు జరపమన్నారు. నేను ఎక్కి, ఆవిరి వదిలే రెగ్యులేటరు మీద చెయ్యి వేశానో లేదో మేస్త్రి కింద నుంచి కేకేశాడు.

"ఒరేయ్, ఈల యాడబోయిందిరా?"

"రెండడుగులే గదా మేస్త్రీ."

ఆయన మెట్లెక్కి పైకి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు, పక్కన నిలబడి మెల్లగా చెప్పాడు. "కింద ఎవుడుండాడో నీకెరుకనా? గుంతలో ఒకడు బోల్టు బిగిస్తాంటాడు. సక్రం నీడకి ఒకడు పండుకోనుంటాడు. కదిలేది నీకు తెలుసు, వానికి తెల్దు. వానికి చెప్పినాకనే కదిలించల్ల. అంతే."

ఆ రోజు నుంచి ఇంజను కదపాలంటే నా చెయ్యి ముందు ఈల తాడు మీదకే పోయేది. షెడ్డులో పురుగు లేకపోయినా ఈల వేసేవాణ్ణి. తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. తరవాత డీజిల్ ఇంజన్లొచ్చాయి, ఆవిరి పని తగ్గిపోయింది. పని పూర్తిగా చేతికొచ్చేసరికి చేయడానికి పనే లేదు. ఆవిరి తెలిసినవాడికి బాయిలర్ల దగ్గర కొలువు దొరుకుతుందని ఎవరో చెబితే కువైట్ వచ్చాను.

బాబా అడిగింది

సబ్హాన్‌లో మా వర్క్‌షాపుకి ఒక ఉదయం ఒక కువైటీ పెద్దాయన వచ్చాడు. ఒంటిమీద దిష్‌దాషా, అంటే తెల్లటి పొడుగు అంగీ, చేతికర్ర. మోచెయ్యి పట్టుకుని మా రాయచోటి మనిషి ఓబులమ్మ నడిపిస్తోంది. ఆమె వాళ్ళింట్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తారు. ఓబులమ్మ బాబా అంటుంటే మాకూ అదే అలవాటైంది.

బాబాకి హిందీ బాగా వచ్చు. చిన్నప్పుడు తండ్రి వ్యాపారం కోసం బొంబాయిలో ఉన్నారట. "మీలో స్టీమింజను మీద పనిచేసినవాళ్ళు ఎవరు?" అని అడిగాడు. అందరూ నన్ను చూపించారు. జేబులోంచి ఒక ఫొటో తీసి ఇచ్చాడు. మంచులో నిలబడిన నల్లటి ఇంజను, ముక్కు తుపాకీ గుండులా నున్నగా ఉంది.

"ఇది కట్టాలి. ఆవిరితో నడవాలి" అన్నాడు.

"బాబా, మేము బొమ్మలు చేయం" అన్నాను.

"నేను బొమ్మ అడగలేదు" అన్నాడు. కోపంగా కాదు, వివరంగా.

మా ముదీర్, అంటే మేనేజరు, డబ్బున్నవాడి సరదా అనుకుని వెంటనే ఒప్పేసుకున్నాడు. నాకు విసుగ్గా ఉంది. ఓబులమ్మ ఆయన్ని కారులో కూర్చోబెట్టి చేతికర్ర మరిచిపోయానన్న నెపంతో మళ్ళీ లోపలికి వచ్చింది.

"అన్నా, కాదనొద్దు. ఆయప్పకి సూపు పోతాండాది. నీటికాసులంట. ఇంగ సానాళ్ళు నిలవదని డాక్టరు చెప్పినాడు. కండ్లు కనపడతాండంగనే ఆ ఇంజను సూసుకోవల్లని ఆరాటపడతాండాడు" అంది.

అప్పటికి ఎందుకంత ఆరాటమో ఆమెకీ తెలియదు. ఆ మాట విన్నాక నేను ఇంకేం కాదంటాను.

ఆ ఇంజన్లు ఎలా పెరిగాయంటే

నాకు తోడుగా లేత్ మీద గంగారాం ఉండేవాడు. జగిత్యాల మనిషి. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. బాబా ప్రతి గురువారం డ్రాయింగులు, పుస్తకాల్లోంచి తీయించిన పేజీలు పట్టుకుని వచ్చేవాడు. భూతద్దం పెట్టుకుని చదివి వినిపించేవాడు. మాకు తెలియంది ఆయన చెప్పేవాడు, ఆయనకి తెలియంది మేము చెప్పేవాళ్ళం. నా ఉద్యోగంలో అంత సుఖంగా గడిచిన గురువారాలు మరి లేవు.

అమెరికాలో ఒకప్పుడు పాసింజరు బళ్ళని లాగినవి పక్కకి మూడేసి పెద్ద చక్రాలున్న ఇంజన్లు. మా షెడ్డుకొచ్చే గుండ్రటి ముక్కు ఎక్స్‌ప్రెస్ ఇంజన్లదీ అదే వరస. వాటి నమూనా కూడా అక్కడి నుంచి వచ్చిందే. తరవాత చెక్క పెట్టెలు పోయి ఉక్కు పెట్టెలొచ్చాయి. పడక పెట్టెలు, భోజనం పెట్టెలు, ఏసీలు. బండి బరువెక్కింది, జనం మాత్రం ఇంకా త్వరగా చేర్చమన్నారు. బలం సిలిండర్లలో ఉంటుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. కాదు, పొయ్యిలో ఉంటుంది. పెళ్ళివంటకి ఇంట్లో పొయ్యి చాలనట్టే, ఆ బళ్ళకి పాత పొయ్యి చాలలేదు. పొయ్యి పెంచితే వెనక బరువు పెరుగుతుంది. ఆ బరువు మోయడానికి పొయ్యి కింద ఒక జత చిన్న చక్రాలుండే చోట రెండు జతలు పెట్టారు. పొయ్యి పెరగడానికి దారి దొరికింది. దాంతో ముందర మూడు పెద్ద చక్రాలుండే చోట నాలుగొచ్చాయి. ఒక్కో చక్రం మనిషి కంటే ఎత్తు. అంత పొయ్యిని పారతో మేపడం మనిషి వల్ల కాదు కాబట్టి, పెద్ద స్క్రూ లాంటి యంత్రం, ఇంజను వెనక బొగ్గు మోసే టెండరులోంచి బొగ్గుని లోపలికి తోసేది. ఫ్రేము, సిలిండర్లు అన్నీ కలిపి ఒకే ఉక్కు పోతగా పోసేవాళ్ళు.

ఇరుసులు రాపిడి లేకుండా తిరగడానికి రోలర్ బేరింగులు. కొన్నింటికి రాడ్లకి కూడా. అలాంటి ఇంజనుని కొద్దిమంది మనుషులు తాడు పట్టుకుని లాగి చూపించారట. బాబా ఇది చదివినప్పుడు గంగారాం నా వైపు చూశాడు.

"అన్నా, నమ్మబుద్ధి ఐతలేదా?"

"నేను చూసిన ఇంజన్లు అట్లా కదలవు గంగారాం."

"నువ్వు జూసినయి గవి గావు గదనే" అని మళ్ళీ లేత్ తిప్పుకున్నాడు.

అంత గొప్పగా కట్టిన ఇంజన్లకీ కాలం కలిసి రాలేదు. వాటి వెనకే డీజిల్ వచ్చేసింది. పదేళ్ళు కూడా తిరగనివి తుక్కుకి పోయాయి. ఆ పేజీ చదివి బాబా భూతద్దం పక్కన పెట్టేశాడు. నాకు మా షెడ్డు గుర్తొచ్చి ఆ పూట పని సాగలేదు.

బుష్‌లు

ఇక్కడే మా పొరపాటు. బాబాకి చూపు ఉండగానే చూపించాలని పైపై పని ముందు పెట్టుకున్నాం. ముక్కు రేకు వంపు కుదరక పదే పదే కొట్టాం. రంగు నచ్చక గీకి మళ్ళీ వేశాం. దీపం, మెట్లు, పక్క పట్టీ, అన్నీ మెరిశాయి. లోపలి పని తరవాత చూసుకుందాం అనుకున్నాం. రాడ్లు అమర్చేటప్పుడు గంగారాం డ్రాయింగు చూపించాడు.

"అన్నా, ఈడ రోలర్ బేరింగులు రాసి ఉన్నయ్. మనం ఇత్తడి బుష్‌లు ఎందుకేస్తున్నం?"

"ఇంత చిన్నదానికి బుష్ చాలప్పా. నూనె తిరగనీకి సందు ఇడిస్తే అదే తిరుగుతాది. మా షెడ్డులో అంతే" అన్నాను.

షెడ్డులో అంతే. ఆవిరి ఇంజను రాడ్లన్నాక బుష్‌కి, అంటే పిన్ను చుట్టూ ఉండే ఇత్తడి కడియానికి, సందు ఉండాలి, సందు ఉన్నాక టకటకమనాలి. నాకు ఆ టకటక జోలపాట. అది లేని ఇంజను ఉంటుందని నా బుర్రకి ఎక్కలేదు. నందలూరులో పని నేర్చుకున్నవాడెవడైనా అదే చేసేవాడు.

ఇంజను కదిలే రోజు రాకముందే బాబాకి చూపు పోయింది. ఒక గురువారం లోపలికి వచ్చి, ఇంజను వైపు కాకుండా కంప్రెసర్ వైపు తిరిగి "బాగుంది, ముక్కు బాగా కుదిరింది" అన్నాడు. ఓబులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంగారాం వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా ఇంజను ముక్కు మీద పెట్టాడు. బాబాకి అర్థమైంది. కాసేపు చేత్తో రేకంతా తడిమాడు.

"పర్వాలేదు. చెవులున్నాయి కదా. నడిపించండి, వింటాను" అన్నాడు.

మాకు దుఃఖం ఆగలేదు. ఆ ముక్కు రేకు మీద పెట్టిన రోజుల్లో సగం రాడ్ల మీద పెట్టుంటే ఆయన చూసేవాడు.

వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలంలో గుండ్రంగా చిన్న పట్టాలు వేశాం. గ్యాస్ బర్నరుతో ఆవిరి లేపాం. టెండరు వెనక నేను కూర్చునే చిన్న బండి. ఈల వేసి రెగ్యులేటరు ఎత్తాను. కదిలింది. అబ్బ, ఎన్నేళ్ళ తరవాత. రాడ్లు టకటకమంటుంటే నాకు మేస్త్రి, షెడ్డు, మా అమ్మ చేతి సద్దిమూట అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒక చుట్టు తిరిగి వచ్చి ఆపి, బాబా మొహం చూశాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇది కాదు."

నాకు కోపం వచ్చేసింది. "బాబా, స్టీమింజను అన్నాక రాడ్లు చప్పుడు చేస్తాయి. నేను ఆ చప్పుడులో పుట్టినవాణ్ణి. మీరు విని ఎన్నేళ్ళయిందో, మరిచిపోయుంటారు" అన్నాను.

"మరిచిపోలేదు" అన్నాడు. "అది ఇలా చప్పుడు చేసుంటే నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి."

ఖర్జూరాలు

కుర్చీ తెచ్చి వేశాం. ఆయన చెప్పింది ఇది.

చదువుకోవడానికి ఆయన అమెరికా వెళ్ళినప్పుడు అన్న తోడు వెళ్ళాడు. ఇద్దరికీ వయసులో పెద్ద తేడా లేదు. కాలేజీలో చేర్పించి, గది చూపించి, అన్న తిరుగు ప్రయాణం అయ్యాడు. చిన్న స్టేషను, చుట్టూ మంచు. అన్న రైలు పెట్టె ఎక్కి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు ఈయనకి గుర్తొచ్చింది, అమ్మ ఇచ్చిన ఖర్జూరాల పొట్లం తన సంచి అడుగునే ఉండిపోయింది. దారిలో అన్న ఏం తింటాడని ప్లాట్‌ఫారం మీద వెనక్కి తిరిగి వంగి, తాడు విప్పి, బట్టలన్నీ తీసి పొట్లం పట్టుకున్నాడు. అవతలి పట్టాల మీద ఇంకో బండి ఆవిరి వదులుతోంది, సామాను బళ్ళ గోల. పొట్లం పట్టుకుని లేచి తిరిగేసరికి ఎదురుగా అన్న లేడు. పెట్టె లేదు. బండి దూరంగా పోతోంది.

"కదిలినట్టు కూడా తెలియలేదు. కుదుపు లేదు, రాడ్ల చప్పుడు లేదు. అంత గొప్ప ఇంజను" అన్నాడు బాబా. "అన్న గుమ్మంలోంచి చెయ్యి ఊపే ఉంటాడు. నేను నా సంచి వైపు వంగి ఉన్నాను."

నాలుగేళ్ళ చదువు అయ్యి ఇంటికి వచ్చేసరికి అన్న బతికి లేడు. జ్వరం వచ్చి పోయాడట. దూరంలో ఉన్నవాడికి ఎందుకని ఇంట్లోవాళ్ళు చెప్పలేదు.

"ఆ ఇంజనుని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉండేది. ఎందుకో నాకే తెలియదు. కళ్ళు పోయాయి కాబట్టి ఇప్పుడు అది నాకు తెలియకుండా ఎలా వెళ్ళిపోయిందో అది వినాలి" అన్నాడు.

గంగారాం ఇంజను దగ్గర వంగి కూర్చుని ఉన్నాడు. లేచి నా వైపు చూడకుండా స్పానర్ తీసుకున్నాడు. "యల్లా అన్నా, రాడ్లు ఊడదీద్దాం" అన్నాడు.

పిల్లలూ, మీకు నేను చెప్పదలచుకున్నది ఈ సందర్భంలోనే ఉంది. చేయి తిరిగిన పనివాడికి తను నేర్చుకున్న చోటంటే ప్రేమ ఎక్కువ. ఉండాలి కూడా. కానీ ఆ ప్రేమతో డ్రాయింగు చదవకండి. పని ఇచ్చినవాడు "ఇది కాదు" అంటే ముందు ఎందుకని అడగండి. నేను ఆ ప్రశ్న మొదటిరోజు అడిగి ఉంటే, ఆయన ఆ రోజే చెప్పేవాడు.

దజీజ్‌లో ఒక గోడౌనులో వెతగ్గా వెతగ్గా ఆ సైజుకి సరిపడే సన్నటి రోలర్ బేరింగులు దొరికాయి. గంగారాం రాడ్ల తలలు మళ్ళీ తొలిచాడు. రాడ్లని అరగదీసి తేలిక చేశాం. చక్రాల బరువులు సరిచూశాం. అన్నీ బిగించాక గంగారాం చిటికెనవేలితో ఇంజనుని తోశాడు. నీళ్ళు పోస్తే పదిమంది కూడా ఎత్తలేని ఇంజను, మాట మాట్లాడకుండా జరిగింది.

"ఇగ నమ్మినవా అన్నా?" అన్నాడు.

"నమ్మినా లేప్పా" అన్నాను.

మా పద్ధతిలో

శుక్రవారం ఉదయం, లారీలు లేని రోజు చూసి బాబాని పిలిపించాం. ముందు రోజు వాన పడి చల్లగా ఉంది. ఆయన చలికోటు వేసుకుని వచ్చాడు. పట్టాల పక్కన, ఇంజనుకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"నాకు చెప్పొద్దు. ఈల వద్దు. అది ఎలా వెళ్ళిందో అలాగే వెళ్ళాలి" అన్నాడు.

సిలిండర్లు ముందే వేడెక్కించి నీరంతా తీసేశాం, బుసకొట్టకుండా. పక్క షెడ్డులో కంప్రెసర్ ఆడుతోంది. నా చెయ్యి అలవాటుగా ఈల మీదకి పోయింది, వెనక్కి తీసుకున్నాను. నా జీవితంలో ఈల లేకుండా ఇంజను కదపడం అదే. రెగ్యులేటరు వెంట్రుకవాసి ఎత్తాను. నిద్రలో పిల్లవాడు ఒత్తిగిల్లినట్టు కదిలింది. ఆయన వెనక నుంచే వెళ్ళాం. ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి ఆపాను.

కాసేపటికి బాబా అడిగాడు. "ఇంకా ఎంతసేపు?"

ఓబులమ్మ చెప్పింది. "పోయొచ్చింది బాబా."

ఆయన తల ఊపాడు. "అవును. ఇదే. ఖలాస్" అన్నాడు. పని నెగ్గింది. అంతకంటే సరిగ్గా ఏ పనీ నేను చేయలేదు. కానీ ఆయన మొహం చూస్తే, అంత సరిగ్గా ఎందుకు చేశామా అనిపించింది. ఆయన కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది, ఏదో గట్టిగా పట్టుకుని.

ఓబులమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దున్నే ఖర్జూరాలు పొట్లం కట్టియ్యమన్నాడన్నా. ఎందుకని నేను అడగలే."

నేను బండి మీద నుంచే అన్నాను. "బాబా, మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఈల వేసి చెప్పకుండా ఇంజనుని కదపం. మీరు చెప్పినట్టు ఒకసారి నడిపాను. మా పద్ధతిలో ఒకసారి నడపనిస్తారా?"

ఆయన ఇంజనుకి వీపు పెట్టి మళ్ళీ మునుపటిలాగే నిలబడ్డాడు.

ఈల తాడు లాగాను. చిన్న ఇంజనుకి పెద్ద గొంతు పెట్టాం, సబ్హాన్ అంతా వినబడి ఉంటుంది. లాగి పట్టుకునే ఉన్నాను. మేస్త్రి ఉంటే ఇంతసేపా అని తిట్టేవాడు.

బాబా తిరిగాడు. జేబులోంచి చెయ్యి తీసి, పొట్లం ముందుకి చాపాడు. అంచనా కొద్దిగా తప్పింది, నాకు దూరంగా చాపాడు. ఓబులమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని రెండడుగులు ముందుకి నడిపించింది. నేను వంగి పొట్లం అందుకున్నాను. ఆయన వేళ్ళు నా చేతిని ఒక క్షణం వదల్లేదు. తరవాత వదిలి, చెయ్యి పైకెత్తాడు.

"మఅ సలామా, అఖూయ్" అన్నాడు. వెళ్ళిరా అన్నా, అని.

పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని రెగ్యులేటరు ఎత్తాను. ఇంజను చప్పుడు లేకుండా కదిలింది. వంపు తిరిగేదాకా వెనక్కి చూస్తూ నేనూ చెయ్యి ఊపుతూనే ఉన్నాను.